ఉప్పులో చలువ నిల్వ - మన హాలుకు పనికొస్తుందా?

(సంఘం సర్వసభ్య సమావేశం సందర్భంగా గన్నవరంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గంవారు నాకు అప్పగించిన పని ఇది. మన భవనం పై హాలును వేసవిలో పగటి విశ్రాంతి మందిరంగా వాడుకోవాలని మనందరి కోరిక. ఏసీలు పెడదామంటే నెలనెలా కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న చర్చ వచ్చింది. ఈలోగా ఒక కంపెనీ ప్రతినిధి రంగుల కాగితం ఒకటి ఇచ్చి వెళ్లారు. గోడలకూ పైకప్పుకూ ప్లాస్టిక్ పలకలు బిగిస్తారట. వాటిలో ఒక ఉప్పు ఉంటుందట. అది పగలంతా గదిలో వేడిని పీల్చుకుని కరిగి, రాత్రి చల్లగాలికి మళ్లీ గడ్డకడుతుందట. కరెంటు దాదాపు అక్కర్లేదట. "మీరు లేబరేటరీలో పనిచేసినవారు గదా, ఇందులో నిజమెంతో చూసి చెప్పండి" అని కార్యదర్శి గారు ఆ కాగితం నా చేతిలో పెట్టారు. ఖర్చయ్యేది మనం చందాలు వేసుకున్న డబ్బు. ఆ హాల్లో కూర్చోబోయేది 70, 80 ఏళ్లవాళ్లు. కనుక కొంచెం వివరంగానే మనవి చేస్తాను.

ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే వెయ్యిమందికి పైగా పోయారు. 2002లోనూ అంతే. పోయినవారిలో ఎండన పడి పనిచేసే కూలీలతో పాటు మన వయసువారూ చాలామంది ఉన్నారు. అంచేత చల్లని హాలు కావాలనుకోవడం విలాసం కాదు.

ముందుగా ఉప్పు వేడిని పీల్చుకోవడమేమిటో చూద్దాం. గుప్తోష్ణం అని హైస్కూల్లో చదువుకున్నాం. మంచుగడ్డ కరుగుతున్నంతసేపూ ఎంత వేడి తగిలినా సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. గ్రాముకు 80 కేలరీలు దానికి ఆహారం. మనం "ఒక టన్ను ఏసీ, ఒకటిన్నర టన్ను ఏసీ" అంటున్నామే, ఆ టన్ను యంత్రం బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు, 24 గంటల్లో కరిగి ఎంత చలువనిస్తుందో అంత చలువనిచ్చే యంత్రం అని అర్థం. ఏసీలు రాకముందు పెద్ద భవనాలను మంచుగడ్డలతో చల్లబరిచిన కాలం మిగిల్చిన మాట అది.

మంచుతో చిక్కేమిటంటే అది సున్నా దగ్గర కరుగుతుంది. దాన్ని తయారుచేయడానికి యంత్రమూ కరెంటూ కావాలి. అలా కాకుండా 30 డిగ్రీల దరిదాపుల్లో కరిగే పదార్థం ఉంటే, మామూలు రాత్రి గాలికే గడ్డకట్టి, పగటి వేడికి కరుగుతుంది గదా? ఉంది. అదే స్ఫటిక జలం గల లవణం.

ఈ జాతి లవణాలు మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నాయి. పటిక, మైలుతుత్తం, అన్నభేది, చాకలి సోడా, కంసాలి దగ్గరుండే వెలిగారం - అన్నిటిలోనూ నీళ్లు స్ఫటికంలో భాగంగా బిగిసి ఉంటాయి. చేత్తో పట్టుకుంటే తడి తగలదు. మైలుతుత్తాన్ని పరీక్షనాళికలో వేడిచేస్తే నీలం పోయి తెల్లబడటం, నాళిక అంచున నీటిబొట్లు కట్టడం మనలో సైన్సు చదివినవారు చూసే ఉంటారు. పెద్దమ్మలూ నాయనమ్మలూ నోటిపూతకు పటికను పెనం మీద పొంగించేవారు. అప్పుడు పటిక ముందు కరిగి నీరై, ఆ తర్వాత పొంగుతుంది. ఆ నీళ్లు బయటినుంచి పోసినవి కావు, దాని లోపలివే. తన నీళ్లలో తానే కరగడం ఈ జాతి లక్షణం.

కంపెనీవారి కాగితంలో పేరు రాయలేదు గాని, చెప్పిన గుణాలను బట్టి అది గ్లాబర్ లవణమే అయి ఉండాలి. అంటే సోడియం సల్ఫేటు ఒక పాలుకు పది పాళ్ల నీటి అణువులు చేరిన స్ఫటికం. 17వ శతాబ్దంలో గ్లాబర్ అనే జర్మన్ రసాయనవేత్త దీన్ని వెలికితీసి "అద్భుత లవణం" అని పేరుపెట్టుకున్నాడు. అప్పట్లో దాని ముఖ్యమైన ఉపయోగం విరేచనాలకు! ఇది 32.4 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగేటప్పుడు గ్రాముకు సుమారు 60 కేలరీలు మింగుతుంది. మామూలు నీళ్లు పది డిగ్రీలు వేడెక్కితే గ్రాముకు పదే కేలరీలు పడతాయి. ఖరీదు కూడా తక్కువ. రాజస్థాన్‌లో దీద్వానా ఉప్పుసరస్సులో సోడియం సల్ఫేటు దొరుకుతుంది, రేయాన్ నూలు తయారీలో ఉపపదార్థంగానూ వస్తుంది. నిప్పంటుకోదు. ఇంత మంచి సరుకు ఇంకా ప్రతి ఇంటి గోడలోకీ ఎందుకు రాలేదన్నదే ఆలోచించవలసిన విషయం.

ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలోని ఒక ఇంట్లో దొరుకుతుంది. 1948లో మసాచుసెట్స్ రాష్ట్రంలో డోవర్ అనే చోట పూర్తిగా సూర్యుడి వేడితో వెచ్చబడే ఇల్లు ఒకటి కట్టారు. దాని వెనుక ముగ్గురూ స్త్రీలే. రసాయనశాస్త్రం మరియా టెల్కెస్‌ది, ఇంటి నమూనా ఎలినార్ రేమండ్‌ది, డబ్బు అమేలియా పీబడీది. టెల్కెస్ హంగేరీలో పుట్టి అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సముద్రంలో చిక్కుకున్న వైమానికుల కోసం ఎండతో ఉప్పునీటిని మంచినీరు చేసే సాధనాన్ని రూపొందించినది ఈమే. డోవర్ ఇంట్లో ఆమె 20 టన్నులకు పైగా గ్లాబర్ లవణాన్ని పీపాల్లో నింపి గోడల మధ్య గదుల్లో పెట్టించారు. పగలు ఎండకు వేడెక్కిన గాలి ఆ లవణాన్ని కరిగిస్తుంది, రాత్రి అది గడ్డకడుతూ ఆ వేడిని ఇంటికిస్తుంది. మనకు కావలసింది చలువ, వాళ్లకు కావలసింది వెచ్చదనం, సూత్రం ఒకటే. ఆమె బంధువుల కుటుంబమే ఆ ఇంట్లో కాపురముంది. మొదట్లో బాగానే వెచ్చగా ఉంది. మూడో శీతాకాలం వచ్చేసరికి లవణం మొరాయించింది. చివరకు ఆ ఇంటికి మామూలు కొలిమి పెట్టించవలసి వచ్చింది.

ఎందుకు మొరాయించింది? 100 గ్రాముల గ్లాబర్ లవణంలో 56 గ్రాములు నీళ్లు, 44 గ్రాములు సోడియం సల్ఫేటు. కరిగినప్పుడు ఆ 56 గ్రాముల నీళ్లు 28 గ్రాముల సల్ఫేటును మాత్రమే తమలో కలుపుకోగలవు. మిగిలిన 16 గ్రాములు మడ్డిలా అడుగుకు చేరతాయి. రాత్రి చల్లబడినప్పుడు ఆ మడ్డి మళ్లీ నీటితో కలిసి స్ఫటికం కావాలి. కాని ముందుగా కట్టిన స్ఫటికాలు మడ్డి మీద మూతలా పరుచుకుంటాయి. పైన నీళ్లు, అడుగున పొడి ఉప్పు, మధ్యన పెచ్చు. మర్నాడు మరికొంచెం విడిపోతుంది. ఏ రోజుకారోజు తేడా చిన్నదే. కాని కొన్ని పదుల సార్లు కరిగి గడ్డకట్టేసరికి పట్టే వేడి సగానికి దిగువకు పడిపోతుంది. కాపురంలో భార్యాభర్తలు అలిగి చెరో గదిలో ఉంటే ఎలా ఉంటుందో అలా అన్నమాట (నవ్వులు).

రెండో జబ్బు ఇంకోటుంది. 32 డిగ్రీల దగ్గర గడ్డకట్టవలసినది, ఆ వేడికి దిగినా కట్టదు. 25కి, 20కి దిగినా ద్రవంగానే ఉండిపోగలదు. దీన్ని అతిశీతలీకరణం అంటారు. పాలు ఎంతసేపు ఉంచినా తోడు పడనిదే పెరుగు కానట్టు, దీనికీ తోడు కావాలి. మీలో కొందరు మోకాళ్ల కాపడానికి వాడే పారదర్శకమైన సంచి చూసే ఉంటారు. లోపల చిన్న రేకుబిళ్ల ఉంటుంది, దాన్ని టక్కుమనిపిస్తే ద్రవమంతా తెల్లగా గడ్డకట్టి వేడెక్కుతుంది. అది సోడియం ఎసిటేటు, 58 డిగ్రీల దగ్గర కరిగే ఇదే జాతి లవణం. అక్కడ ఈ మొండితనమే మనకు ఉపకారం, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేడి. గోడలో పలకకు మాత్రం ఇది ప్రాణాంతకం, రోజూ రాత్రి వెళ్లి టక్కుమనిపించేదెవరు?

ఈ రెండో జబ్బుకు మందు కనిపెట్టింది కూడా టెల్కెస్సే. ఆ మందు మన కంసాలి పెట్టెలోని వెలిగారం! వెలిగారం స్ఫటికం అల్లిక గ్లాబర్ లవణం అల్లికకు దగ్గరగా ఉంటుంది. అది నీళ్లలో పూర్తిగా కరగకుండా నలుసులుగా మిగిలి, వాటి మీద కొత్త స్ఫటికం మొలకెత్తుతుంది. నూటికి మూడు నాలుగు పాళ్లు కలిపితే చాలునని ఆమె 1952లో ప్రకటించారు. తోడు సమస్య చాలావరకు తీరింది. చాలావరకు అన్నాను, పూర్తిగా అనలేదు. వెలిగారం వేసినా 32 దగ్గరే కట్టదు, రెండు మూడు డిగ్రీలు దిగాకే మొదలవుతుంది. ఈ రెండు మూడు డిగ్రీలు గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరకు వస్తాను.

మొదటి జబ్బుకు, అంటే మడ్డి దిగడానికి, మందు గంజి వంటిది. ద్రవాన్ని చిక్కబరిస్తే మడ్డి అడుగుకు దిగకుండా ఎక్కడిదక్కడే వేలాడుతుంది. 1970లలో టెల్కెస్సే ఒక రకం బంకమట్టిని కలిపి చూశారు. తర్వాతివారు రకరకాల జిగురులు, చంటిపిల్లల డైపర్లలో నీరు పీల్చుకునే పొడి వంటివి వాడారు. ఇప్పటికీ ప్రపంచమంతటా ఈ రంగంలో జరుగుతున్న పరిశోధన ముఖ్యంగా ఈ జిగురు గురించే. కాని దీనికీ ఒక ఖరీదుంది. ఎంత జిగురు కలిపితే అంత లవణం తగ్గినట్టే. పైగా వేడి లోపలికీ బయటికీ పాకడం నెమ్మదిస్తుంది. దానికి గ్రాఫైటు పొడి కలుపుతారు, లేదా సరుకును లావు పీపాల్లో పోయకుండా పలుచని పలకల్లో పోస్తారు. రెండోదే నాకు నచ్చిన ఉపాయం. ఇంక మిగిలింది మూత. సీలు సరిగా లేకపోతే లోపలి నీరు కొంచెంకొంచెం ఆవిరైపోతుంది, అప్పుడిక ఏ మందూ పనిచేయదు.

ఇక మన ఊరి విషయానికి వస్తాను. కాగితంలో రాసింది అబద్ధం కాదు. కాని అది ఏ ఊరి రాత్రిని మనసులో పెట్టుకుని రాశారన్నది అడగాలి. ఎడారి ప్రాంతాల్లో పగలు 42 ఉన్నా రాత్రి గాలి బాగా చల్లబడుతుంది. మన రాయలసీమ మెట్ట ప్రాంతాల్లోనూ రాత్రి కొంత నయం. ఇది కృష్ణా డెల్టా. కాలవలు, చెరువులు, సముద్రపు తేమ. మే నెలలో తెల్లవారుజామున కూడా 27, 28కి దిగితే గొప్ప, వడగాడ్పుల వారంలో 30 దగ్గరే ఆగిపోతుంది. డాబా శ్లాబు అర్ధరాత్రి దాకా పొయ్యిమీది పెనంలా ఉంటుంది. ఇప్పుడు ఆ రెండు మూడు డిగ్రీల సంగతి చూడండి. లవణం గడ్డకట్టడం మొదలుకావాలంటే 29 దాకా దిగాలి. బయటి గాలే 30 ఉన్నరోజు అది అసలు మొదలే కాదు. గడ్డకట్టని లవణం మర్నాడు ఏం కరుగుతుంది? ఏం పీల్చుకుంటుంది? అంటే మనకు దాని అవసరం అన్నిటికన్నా ఎక్కువ ఉన్న వారంలోనే అది సెలవు పెడుతుంది. 29 డిగ్రీల దగ్గర కరిగే కాల్షియం క్లోరైడు లవణం తెస్తామని ఎవరైనా అంటే, మే నెలకు అది ఇంకా అన్యాయం.

లెక్క కూడా వేశాను. 100 కిలోల గ్లాబర్ లవణం పూర్తిగా కరిగితే ఒక టన్ను ఏసీ రెండు గంటలు నడిచినంత చలువ. మన హాలుకు ఐదు టన్నుల ఏసీ మధ్యాహ్నం ఆరు గంటలు కావాలనుకుంటే 1,500 కిలోలు కావాలి. జిగురూ వెలిగారం పోను రెండు టన్నులనుకోండి. రాత్రికి ఆ వేడినంతా బయటికి నెట్టాలి. బయట 28 ఉన్న మంచి రాత్రి కూడా, ఆ గాలి మూడు డిగ్రీలు వేడెక్కి వెళ్తుందనుకుంటే, పదిగంటలపాటు గంటకు పదివేల ఘనపు మీటర్ల పైచిలుకు గాలి తోలాలి. అంటే పెద్ద ఎగ్జాస్టు ఫ్యాన్లు రాత్రంతా తిరగాలి. "కరెంటు దాదాపు అక్కర్లేదు" అన్నమాట అక్కడ కొంచెం సడలుతుంది. మరో సంగతి, ఏసీ గాలిలోని తేమను కూడా పిండేస్తుంది, ఈ పలకలు పిండవు. మన ఉక్కపోతకు తేమే సగం కారణం.

అయితే ఈ జాతి పదార్థాల వల్ల మనకు లాభమే లేదా అంటే, ఉంది. రాత్రి గాలి మీద ఆధారపడకుండా, యంత్రంతో గడ్డకట్టించి వాడుకునేచోట వీటికి మంచి భవిష్యత్తు ఉందని నా అభిప్రాయం. గ్లాబర్ లవణానికి మామూలు ఉప్పు, నవాసాగరం తగుపాళ్లలో కలిపితే కరిగే వేడి 13 డిగ్రీల దాకా దిగుతుంది. 1973లో అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయంవారు కట్టిన సౌరగృహంలో, టెల్కెస్ ఆధ్వర్యంలోనే, ఇలాంటి మిశ్రమంతో చలువ నిల్వచేశారు. ఇప్పుడు మధ్యాహ్నపు వేళ సోలార్ కరెంటు పుష్కలంగా ఉండి సాయంత్రం చాలడం లేదు. మధ్యాహ్నం గడ్డకట్టించి సాయంత్రం వాడుకోవడం అర్థమున్న పని.

కరిగే పదార్థంతో చలువను మోసుకుపోవడం మన గన్నవరానికి కొత్త కాదు. 2021 జనవరి 12న పూణే నుంచి కోవిషీల్డ్ టీకాలు మన విమానాశ్రయంలో దిగి, ఇక్కడే ఉన్న రాష్ట్ర టీకా నిల్వ కేంద్రానికి చేరి, అక్కడినుంచి జిల్లాలకు వెళ్లాయి. ఆ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. పల్లెలకు టీకాలు మోసే పెట్టెలో నీళ్లు గడ్డకట్టించిన ఐస్ ప్యాకులు పెడతారు. అవి ఫ్రీజర్‌లోంచి తీసినప్పుడు సున్నాకు చాలా దిగువన ఉంటాయి. వెంటనే పెడితే కంఠసర్పి, ధనుర్వాతం టీకాల వంటివి గడ్డకట్టి పాడవుతాయి. అందుకే ఏఎన్ఎంలు ఐస్ ప్యాకును బయట పెట్టి, చెవిదగ్గర ఊపి, లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే పెట్టెలో సర్దుతారు. 5 డిగ్రీల దగ్గరే కరిగే పదార్థం పెడితే ఈ గొడవే ఉండదు. అలాంటి ప్యాకులు వచ్చాయి. కొన్ని మైనం జాతివి, కొన్ని లవణ మిశ్రమాలు. మైనం జాతి సరుకు మొండికెయ్యదు గాని ఖరీదెక్కువ, నిప్పంటుకుంటుంది. లవణం చౌక, నిప్పు భయం లేదు, కాని పైన చెప్పిన రెండు జబ్బులకూ సరిగా మందువేసినదై ఉండాలి.

ఇన్సులిన్ వాడుకునేవారికి ఇక్కడే ఒక మాట. ప్రయాణాల్లో ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాకును ఇన్సులిన్ సీసాకు ఆనించి పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పనికిరాదు, పారేయవలసిందే. మధ్యన మందపాటి గుడ్డ చుట్టండి. వాడుతున్న సీసాను ఎంత వేడిలో, ఎన్నాళ్లు బయట ఉంచవచ్చో డబ్బాలోని కాగితం మీద ఉంటుంది, అక్షరాలు చిన్నవి గనుక మనవళ్ల చేత చదివించుకోండి.

కంపెనీ ప్రతినిధి మళ్లీ వస్తారు. వచ్చినప్పుడు మొదటిరోజు ఎంత వేడి పడుతుందని అడిగితే లాభం లేదు, అది అందరూ గొప్పగానే చెబుతారు. వెయ్యిసార్లు కరిగి గడ్డకట్టాక ఎంత మిగిలింది, ఆ పరీక్ష ఎవరు చేశారు, కాగితం చూపించమనండి. యాభైసార్లు పరీక్షించామంటే మన వేసవిలో అది రెండు నెలలు కూడా కాదు. గడ్డకట్టడం ఏ డిగ్రీ దగ్గర మొదలవుతుందో అడగండి. కరిగే డిగ్రీ చెప్పి సరిపెట్టుకోనివ్వకండి. పలక కారితే ఎవరు మారుస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ వేసవికి ఆ పలకలు వద్దని కార్యవర్గానికి నా సలహా. డాబా మీద తెల్లసున్నమో, తెల్లని కూల్ రూఫ్ రంగో వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ఒక విధానం ప్రకటించింది, ఖర్చు తక్కువ, ఫలితం మొదటిరోజునుంచే. పడమటి కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టండి. వయసు మీరినవారికోసం ఒక్క చిన్నగదిలో ఏసీ పెట్టండి, ఆ బిల్లు మనం భరించలేనిది కాదు. పలకల విషయం తేల్చుకోవాలంటే ముందు మన రాత్రుల లెక్క మన దగ్గర ఉండాలి. ఒక థర్మామీటరు కొని మేడమీద ఉత్తరపు నీడలో తగిలిద్దాం. ఉగాది నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా రాత్రి పదింటికీ, తెల్లవారుజామున ఐదింటికీ చూసి పుస్తకంలో రాయాలి. 29కి దిగిన రాత్రులెన్నో, దిగనివెన్నో అప్పుడు తెలుస్తుంది, ప్రతినిధి ముందు ఆ పుస్తకం పెట్టవచ్చు. తెల్లవారుజాము వంతు నాది, ఎలాగూ ఆ వేళకు నిద్ర పట్టదు. రాత్రి పదింటి వంతుకు భవనానికి దగ్గర్లో ఉన్న సభ్యులెవరైనా ముందుకు రావాలి. పేర్లు భోజనాల దగ్గర కార్యదర్శి గారికి ఇవ్వండి.